గడియ పడిన చప్పుడు వినిపించినా తిరగని వాషింగ్ మెషీన్

మా ఇంట్లో ఉన్నది పైనుంచి బట్టలు వేసే టాప్ లోడ్ వాషింగ్ మెషీన్. ఒక రోజు అది నీళ్ళు నింపుకుంది, బట్టలు ఉతికింది, మురికి నీళ్ళను బయటికి పంపింది, తీరా బట్టలు పిండే దశకు వచ్చేసరికి మూత దగ్గర టక్కుమని ఒక చప్పుడు చేసి ఆగిపోయింది. కొన్ని క్షణాల తరువాత మళ్ళీ టక్కుమంది, మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు. ఇలా ఐదారుసార్లు ప్రయత్నించి, చివరికి బీప్ శబ్దాలు చేస్తూ, తాళం బొమ్మ ఉన్న దీపాన్ని వెలిగిస్తూ ఆర్పుతూ ఉండిపోయింది. మూత తీసి చూస్తే బట్టలన్నీ నీళ్ళోడుతూ అడుగున ముద్దగా పడి ఉన్నాయి.

"తాళం బాగానే పడుతోంది కదరా, చప్పుడు వినిపిస్తూనే ఉంది. మోటారే పోయి ఉంటుంది" అంది అమ్మ. ఆ మాట నాకూ సబబుగానే తోచింది. మూత తాళం చెడిపోతే అసలు చప్పుడే రాదని నేనూ అనుకునేవాణ్ణి. ఆ తరువాతి రెండు రోజుల్లో తెలిసివచ్చిన సంగతి ఏమిటంటే, తాళం వేయడం వేరు, తాళం పడిందని యంత్రానికి చెప్పడం వేరు. ఈ రెండు పనులనూ ఒకే పెట్టెలో ఉన్న రెండు వేర్వేరు భాగాలు చేస్తాయి. మొదటిది సక్రమంగా ఉండి రెండవది చెడిపోతే, మనకు చప్పుడు వినిపిస్తుంది కానీ యంత్రానికి తాళం పడిన కబురు అందదు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే చాలామంది బాగున్న మోటారును అనుమానిస్తారు, యంత్రాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు బాగున్నా దాన్ని మార్పిస్తారు. అందుకే ఈ విషయాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

లిడ్ లాక్ అని పిలిచే ఈ భాగం అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ పెట్టె. మూత మూసినప్పుడు ఒక అంచున కిందికి చొచ్చుకుపోయే చిన్న కొక్కెం ఉంటుంది, ఆ కొక్కెం దూరే రంధ్రం అడుగున, పై పలక కింద ఈ పెట్టె బిగించి ఉంటుంది. పెట్టెలో సన్నని రాగి తీగ చుట్టిన కాయిల్ ఒకటి ఉంటుంది. దానిలో విద్యుత్తు ప్రవహించినప్పుడు అది అయస్కాంతంగా మారి లోపలి ఇనుప కడ్డీని లాగుతుంది, ఆ కడ్డీ గడియను నెడుతుంది, గడియ వెళ్ళి కొక్కెంలో పడుతుంది. మనకు వినిపించే టక్కుమనే చప్పుడు ఇదే. గడియ తన చోటికి పూర్తిగా చేరినప్పుడు దాని వెనుక భాగం ఒక చిన్న మైక్రోస్విచ్‌ను నొక్కుతుంది. ఆ స్విచ్ కలిసినప్పుడే తాళం పడిందన్న సంకేతం బోర్డుకు చేరుతుంది. కొన్ని నమూనాల్లో దీనికి తోడు మూత మూసి ఉందా లేదా అని చూసేందుకు రీడ్ స్విచ్ కూడా ఉంటుంది. మూతలో అమర్చిన చిన్న అయస్కాంతం దగ్గరకు రాగానే గాజు గొట్టంలోని రెండు సన్నని రేకులు ఒకదానికొకటి అంటుకోవడమే దాని పని. కాయిల్‌కు బదులు చిన్న మోటారుతో గడియను కదిపే నమూనాలూ ఉన్నాయి. ఏ నమూనా అయినా, గడియను కదిపే భాగం ఒకటి, గడియ కదిలిందని తెలిపే భాగం మరొకటి ఉండడం మాత్రం మారదు.

ఇంత చిన్న వస్తువు కోసం యంత్రం మొత్తం ఆగిపోవాలా అని విసుగు పుట్టడం సహజం. అయితే ఒకసారి లెక్క వేసి చూడండి. తొట్టి వ్యాసం 50 సెంటీమీటర్లు అనుకుందాం. అది నిమిషానికి 700 చుట్లు తిరిగితే, అంచున ఉన్న బట్ట ఒక్క నిమిషంలో దాదాపు 1,100 మీటర్లు ప్రయాణిస్తుంది, అంటే గంటకు సుమారు 66 కిలోమీటర్ల వేగం. ఆ వేగంలో అంచున ఉన్న ఒక కిలో తడి బట్ట తొట్టి గోడను దాదాపు 137 కిలోల బరువుతో ఒత్తుతుంది. తిరుగుతున్న తొట్టిలో చెయ్యి పెడితే బట్ట చేతికి చుట్టుకుంటుంది, చుట్టుకున్న తరువాత విడిపించుకునేందుకు క్షణమైనా వ్యవధి ఉండదు. మోటారుకు విద్యుత్తు ఆపివేసిన తరువాత కూడా తొట్టి వెంటనే నిలవదు, ఆ ఊపులో ఇంకొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. గృహోపకరణాల భద్రతకు సంబంధించి ఐఈసీ అనే అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంస్థ ఇచ్చే ప్రమాణాల్లో వాషింగ్ మెషీన్ల కోసమే 60335-2-7 అనే ప్రత్యేక భాగం ఉంది. యంత్రం మూతకు తాళం అవసరం కావడం తయారీదారుల చాదస్తం కాదని ఇంతకుమించి చెప్పనక్కరలేదు.

పెట్టెను విప్పడానికి ముందు, నిజంగా లోపం అక్కడే ఉందా అన్నది తేల్చుకోవాలి. తొట్టి తిరగకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. అడుగున నీళ్ళు నిలిచి ఉంటే ముందు చూడవలసింది నీళ్ళు తోడే పంపును, బయటికి పోయే గొట్టాన్ని. నీటిమట్టం తగ్గిందని తెలిసేదాకా బోర్డు తొట్టిని వేగంగా తిప్పదు. బట్టలన్నీ ఒకే పక్కకు చేరి ఉంటే తొట్టి తిరగడం మొదలుపెట్టి, అదురుతూ ఆగి, మళ్ళీ నీళ్ళు నింపుకుని బట్టలను సర్దుకునే ప్రయత్నం చేస్తుంది. బెల్టు జారినా క్లచ్ పట్టకపోయినా మోటారు మూలుగు వినిపిస్తుంది కానీ తొట్టి కదలదు. మా యంత్రంలో ఇవేవీ లేవు. నీళ్ళు పూర్తిగా పోయాయి, మోటారు మూలగనే లేదు, తొట్టి ఒక్క అంగుళమైనా తిరిగే ప్రయత్నం చేయలేదు. గడియ చప్పుడు, కొంత విరామం, మళ్ళీ గడియ చప్పుడు, అంతే. అంటే బోర్డు తాళం వేయమని ఆజ్ఞ ఇస్తోంది, జవాబు కోసం ఎదురుచూస్తోంది, జవాబు రాక మళ్ళీ ఆజ్ఞ ఇస్తోంది. తెర మీద కనిపించే లోపం గుర్తులు ఒక్కో కంపెనీకి ఒక్కో తీరుగా ఉంటాయి కనుక వాటి అర్థాన్ని యంత్రంతో వచ్చిన పుస్తకంలోనే చూసుకోవాలి. మా పుస్తకంలో ఆ గుర్తుకు ఎదురుగా మూత సరిగా మూయండి అని మాత్రమే ఉంది. మూత సరిగానే మూసి ఉంది.

అయినా మూత నుంచే మొదలుపెట్టాను, ఎందుకంటే అక్కడ చూడడానికి ఏ పనిముట్టూ అక్కరలేదు. మూత కింది కొక్కెం విరిగిందా, అరిగిందా, వంగిందా అని చూశాను. మూత బందులు వదులై మూత పక్కకు ఒరిగితే కొక్కెం రంధ్రానికి ఎదురుగా కాక ఒక అంచుకు దిగుతుంది, అప్పుడు గడియ సగం దూరం వెళ్ళి ఆగుతుంది. ఆ సంగతి తెలుసుకోవడానికి మూతను చేత్తో కాస్త కిందికి అదిమి, తరువాత కాస్త ఎడమకు, కాస్త కుడికి నెట్టి యంత్రాన్ని నడిపి చూశాను. ఏ తేడా లేదు. టార్చి వేసి రంధ్రంలోకి చూస్తే అంచుల వెంట సబ్బుపొడి గట్టిపడిన తెల్లని పెచ్చు కనిపించింది. వేడినీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ఆ పెచ్చును తుడిచాను. చాలాసార్లు లోపం ఇంతటితోనే తీరిపోతుంది కనుక ఈ పని చేయకుండా స్క్రూలు విప్పవద్దని నా సలహా. మా విషయంలో తీరలేదు.

ఇక లోపలికి వెళ్ళక తప్పలేదు. ప్లగ్ తీసివేసి, కొళాయి కట్టివేసి, పది నిమిషాలు ఆగాను. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్‌ను గోడలో నుంచి పూర్తిగా తీసి కళ్ళ ఎదుట పెట్టుకోవాలి. బోర్డు మీది కెపాసిటర్లలో ప్లగ్ తీసిన తరువాత కూడా కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది, అందుకే ఆ పది నిమిషాలు. చేతికి మందపాటి తొడుగులు వేసుకోవడం కూడా మరిచిపోకండి, ఎందుకంటే ఈ యంత్రాల లోపలి రేకు అంచులు కత్తి వాదరలా ఉంటాయి. పై పలకను విప్పే పద్ధతి నమూనాను బట్టి మారుతుంది. మా దానిలో వెనుక వైపు రెండు స్క్రూలు తీసి, ముందు మూలల్లో ఉన్న క్లిప్పులను పలచని ప్లాస్టిక్ రేకుతో వదులు చేస్తే, పలక మొత్తం మూతతో సహా పెట్టె మూతలా వెనక్కి లేచింది. అది వెనక్కి పడిపోకుండా మా అబ్బాయి పట్టుకుని నిలబడ్డాడు. ఏ వైరు ఏ క్లిప్పులో నుంచి వెళ్తోందో, ఏ స్క్రూ ఎక్కడిదో విప్పే ముందే ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టుకున్నాను. ఇది చాలా చిన్న జాగ్రత్త, కానీ తిరిగి బిగించేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

తాళం పెట్టె నుంచి వచ్చే వైర్లన్నీ ఒక కనెక్టర్‌లో ముగుస్తాయి. దాని పక్కన ఉన్న చిన్న నాలుకను నొక్కి ఉంచి, ప్లాస్టిక్ భాగాన్నే పట్టుకుని లాగాలి తప్ప వైర్లను పట్టుకుని లాగకూడదు. వైరును లాగితే లోపల పిన్ను పట్టు సడలుతుంది, అప్పుడు ఉన్న లోపానికి మరో లోపం తోడవుతుంది. కనెక్టర్ ఊడివచ్చాక పిన్నులను పరీక్షగా చూశాను. చిలుము పట్టి ఆకుపచ్చ రంగుకు తిరిగినవి గానీ నల్లబడినవి గానీ లేవు. వైర్ల కట్ట పొడవునా వేళ్ళతో తడిమి, ఎక్కడైనా ఎలుక కొరికిందా, తొట్టికి రాసుకుని పై తొడుగు చిరిగిందా అని చూశాను. అదీ లేదు.

ఇప్పుడు విద్యుత్ నిరోధాన్ని కొలిచే మల్టీమీటర్ పని. మొదట ప్రోబ్‌లు, అంటే మీటరు తీగల చివరి మొనలు, రెండింటినీ ఒకదానికొకటి తాకించి చూడాలి. నా మీటరు అప్పుడు 0.3 ఓములు చూపింది. అది మీటరు తీగల సొంత నిరోధం కనుక ఆ తరువాత వచ్చే ప్రతి కొలత నుంచి దాన్ని తీసివేసుకోవాలి. కాయిల్ పిన్నుల మధ్య పెడితే వంద ఓములకు కాస్త పైన ఒక అంకె వచ్చి కదలకుండా నిలిచింది. కాయిల్ తెగిపోయి ఉంటే మీటరు ఓఎల్ అని, అంటే కొలతకు అందనంత నిరోధమని చూపేది, లోపల తీగలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే సున్నాకు దగ్గరగా చూపేది. సరైన విలువ ఎంత అన్నది నమూనాను బట్టి మారుతుంది, సర్వీసు పత్రంలో ఉంటుంది. కొన్ని యంత్రాల్లో ఆ పత్రాన్ని మడిచి కంట్రోల్ ప్యానెల్ లోపలే పెడతారు. ఏమైనా కాయిల్ బాగుంది. చప్పుడు వినిపించడమే అందుకు సాక్ష్యం, మీటరు ఆ సాక్ష్యాన్ని బలపరిచింది.

అసలు సంగతి స్విచ్ దగ్గర బయటపడింది. గడియ వెనక్కి ఉన్నప్పుడు స్విచ్ పిన్నుల మధ్య ఓఎల్ రావాలి, వచ్చింది. తరువాత సన్నని స్క్రూ డ్రైవర్ మొనతో గడియను ముందుకు నెట్టి, తాళం పడిన స్థితిలో పట్టి ఉంచాను. అప్పుడు మీటరు దాదాపు సున్నా చూపాలి. నా మీటరులో మొదట 0.8 కనిపించింది, వెంటనే అది 40 దాటింది, తరువాత ఓఎల్ అయింది, మళ్ళీ 6కు దిగింది. నా చెయ్యి వణుకుతోందేమోనని అబ్బాయిని గడియ పట్టుకోమని చెప్పి చూశాను. అదే తీరు. స్క్రూ డ్రైవర్ పిడితో పెట్టె మీద మెల్లగా తట్టితే, తట్టిన ప్రతిసారీ అంకె మారింది. గడియ పూర్తిగా తన చోటికి వెళ్ళి ఉంది, స్విచ్ మీట పూర్తిగా నొక్కుకుని ఉంది, అయినా లోపలి కాంటాక్టు ఒక క్షణం కలుస్తూ మరుక్షణం విడిపోతోంది. బోర్డు ఎందుకు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తోందో అప్పుడు అర్థమైంది. దానికి అవును అన్న జవాబు స్థిరంగా అందడం లేదు.

ఇక్కడ ఒక మాట. మీటరును కంటిన్యుటీ బీప్ మీద, అంటే దారి కలిసి ఉంటే మోగే అమరిక మీద పెట్టి పరీక్షించేవారికి ఈ లోపం దొరకకుండా పోవచ్చు. బీప్ అన్నది చాలా మీటర్లలో కొన్ని పదుల ఓముల లోపు ఏ విలువకైనా మోగుతుంది. ఒకసారి మోగగానే స్విచ్ బాగుందని తేల్చేస్తే నేనూ బోర్డును కొనడానికే వెళ్ళేవాణ్ణి. ఓముల మీద పెట్టి, గడియను కనీసం అర నిమిషం పట్టి ఉంచి, అంకె నిలకడగా ఉందో లేదో చూడడమే సరైన పరీక్ష. పది పన్నెండుసార్లు గడియను వెనక్కీ ముందుకూ కదిపి ప్రతిసారీ ఒకే విలువ వస్తోందా అని కూడా చూడాలి.

వైర్ల కట్టను కూడా అదే మీటరుతో ఈ చివర నుంచి ఆ చివరకు, అంటే తాళం కనెక్టర్ నుంచి బోర్డు కనెక్టర్ వరకు ఒక్కొక్క వైరుగా కొలిచాను. అన్నీ బాగున్నాయి. తాళం చెడిందని రుజువైనా ఈ కొలత చేయడం మంచిది. తెగీ తెగని వైరు ఒకటి ఉంటే కొత్త తాళం వేసినా పాత కథే మొదలవుతుంది. బోర్డుకు విద్యుత్తు ఇచ్చి కొలతలు తీసుకునే పని మాత్రం నేను చేయలేదు, అలవాటు లేనివారెవరూ చేయకూడదు కూడా. నీళ్ళతో నడిచే యంత్రం తెరిచి ఉండగా దానిలో కరెంటు పెట్టి చేతులు పెట్టడం అనుభవజ్ఞుల పని. కాయిల్‌లో తీగలు అంటుకుపోయినట్టు తేలితే మాత్రం ఆ పనివారిని పిలవక తప్పదు, ఎందుకంటే కాయిల్‌ను నడిపే ట్రయాక్ అనే భాగం అధిక విద్యుత్తుకు కాలిపోయి ఉండే అవకాశం ఉంది, అటువంటి బోర్డుకు కొత్త తాళం తగిలించడం వృథా.

నేను మీటరు పట్టకముందే ఒక మెకానిక్‌ను పిలిచిన సంగతి కూడా చెప్పాలి. ఆయన చప్పుడు విని, పై పలక తెరవకుండానే, "తాళం తీసేసి డైరెక్ట్ చేసేస్తానండీ, ఇక జన్మలో ఈ బాధ ఉండదు" అన్నాడు. డైరెక్ట్ చేయడమంటే స్విచ్‌కు వెళ్ళే రెండు వైర్లను ఒకదానికొకటి కలిపేసి, తాళం ఎప్పుడూ పడే ఉందని బోర్డును నమ్మించడం. రీడ్ స్విచ్ ఉన్న యంత్రాల్లో దాని మీద ఒక అయస్కాంతాన్ని అతికించేవారు కూడా ఉన్నారు. వద్దని చెప్పి పంపించాను. మూత తెరిచి ఉన్నా తొట్టి పూర్తి వేగంతో తిరిగే యంత్రాన్ని, నా తరువాత దాన్ని వాడే ఇంట్లో మనుషులందరి మధ్య, ఏ సంగతీ చెప్పకుండా వదిలిపెట్టడం నాకు సమ్మతం కాదు. పిల్లలు మూత ఎత్తి చూస్తారు. పెద్దవాళ్ళు ఆగిపోయిందనుకుని చెయ్యి పెడతారు. తాళం చెడిపోయినప్పుడు తొట్టి తిరగకపోవడం లోపం కాదు, ఆ తాళం చేయవలసిన పని అదే. పైగా చాలా కొత్త బోర్డులు తాళం వేయకముందు స్విచ్ విడిగా ఉందా అని కూడా చూసుకుంటాయి. వైర్లు కలిపేసి ఉంటే తాళం ఎప్పుడూ పడే ఉన్నట్టు కనిపించి అవి వేరే లోపం చూపిస్తాయి. కనుక ఆ ఉపాయం అపాయకరం మాత్రమే కాదు, చాలా చోట్ల పనిచేయదు కూడా.

స్విచ్‌ను విప్పి కాంటాక్టులు శుభ్రం చేసి మళ్ళీ వాడవచ్చు కదా అని కొందరు అడిగారు. వాడవచ్చు, కొన్నాళ్ళు పనిచేస్తుంది కూడా. కానీ ఒకసారి నిప్పురవ్వలు పడి గుంటలు పడిన కాంటాక్టు మళ్ళీ చెడడానికి రెండు దారులు ఉన్నాయి. కలవకపోతే యంత్రం ఆగుతుంది, దాని వల్ల ప్రమాదం లేదు. కరిగి అతుక్కుపోతే, గడియ తెరిచి ఉన్నా తాళం పడిందని చెబుతూ ఉంటుంది. ఈ రెండవ దారి నాకు భయం కలిగించింది. ఇతర భాగాలను ఎన్నింటినో గీకి, తుడిచి, అతికించి వాడుకున్నాను గానీ ఈ ఒక్కదాన్ని మాత్రం కొత్తదే వేయాలని నిర్ణయించుకున్నాను.

కొత్త తాళం కొనేటప్పుడు రూపాన్ని చూసి మోసపోకూడదు. ఒకే పెట్టె ఆకారంలో వేర్వేరు తాళాలు వస్తాయి. కనెక్టర్‌లో పిన్నుల సంఖ్య మారవచ్చు, కాయిల్ నడిచే వోల్టేజి మారవచ్చు. కొన్ని తాళాలు సరఫరా వోల్టేజితోనే నడుస్తాయి, కొన్ని బోర్డు నుంచి వచ్చే తక్కువ వోల్టేజి డీసీతో నడుస్తాయి. యంత్రం వెనుక గానీ మూత కింద గానీ అతికించి ఉన్న చీటీ మీది మోడల్ నంబరును, పాత తాళం మీద ముద్రించిన భాగం నంబరును రెండింటినీ పూర్తిగా, చివరి అక్షరంతో సహా రాసుకోవాలి. కొత్తది చేతికి రాగానే బిగించకముందే దాన్నీ మీటరుతో కొలిచాను. కాయిల్ విలువ పాతదానికి దగ్గరగానే ఉంది. గడియను నెట్టి పట్టి ఉంచితే స్విచ్ దగ్గర 0.4 వచ్చి, అర నిమిషం గడిచినా చెక్కుచెదరలేదు. మీటరు తీగల సొంత నిరోధం పోగా మిగిలింది లేనట్టే. పాతదానిలో పరుగులు తీసిన అంకె గుర్తుకువచ్చి, ఆ నిలకడను చూస్తుంటే మనసుకు ఎంతో హాయిగా అనిపించింది.

బిగించడానికి పావుగంట కూడా పట్టలేదు. రెండు స్క్రూలు, ఒక కనెక్టర్, నాలుగు క్లిప్పులు. అయితే ఇక్కడ రెండు విషయాలను తేలికగా తీసుకోకూడదు. తొట్టి స్ప్రింగుల మీద వేలాడుతూ, పిండేటప్పుడు కొన్ని సెంటీమీటర్ల మేర అటూ ఇటూ ఊగుతుంది, కనుక వైర్ల కట్ట పాత క్లిప్పుల్లోనే, తొట్టికి తగలకుండా వెళ్ళాలి. ఒక్క క్లిప్పు పెట్టకపోయినా వైరు జారి తొట్టి అంచుకు రాసుకుని కొన్ని నెలల్లో తెగుతుంది. కనెక్టర్ దగ్గర వైరు కొద్దిగా కిందికి జారి మళ్ళీ పైకి లేచేలా ఒక చిన్న వంపు ఉంచాలి, అప్పుడు వైరు వెంట జారే నీటిబొట్టు ఆ వంపు అడుగున రాలిపోతుంది గానీ కనెక్టర్‌లోకి వెళ్ళదు. రెండవది ఎర్తు వైరు. మా పై పలకకు ఆకుపచ్చ చారల ఎర్తు వైరు ఒకటి స్క్రూతో బిగించి ఉంది. దాన్ని మళ్ళీ బిగించకపోయినా యంత్రం మామూలుగానే నడుస్తుంది, అందుకే చాలామంది మరిచిపోతారు. ఫోటో చూసుకుని దాన్ని ముందుగా బిగించాను.

ముందు నుంచి బట్టలు వేసే ఫ్రంట్ లోడ్ యంత్రం ఉన్నవారు ఈ కొలతలను యథాతథంగా తీసుకోకూడదు. వాటి తలుపు తాళంలో చాలావరకు కాయిల్‌కు బదులు పీటీసీ అనే చిన్న బిళ్ళ, దానికి ఆనుకుని రెండు లోహాలు కలిపిన పట్టీ ఉంటాయి. విద్యుత్తు పారితే బిళ్ళ వేడెక్కుతుంది, ఆ వేడికి పట్టీ వంగుతుంది, వంగిన పట్టీ గడియను నెట్టి తాళం పడేలా చేస్తుంది. కనుకనే అక్కడ తాళం పడడానికి కొన్ని సెకన్లు, విద్యుత్తు ఆగిన తరువాత పట్టీ చల్లారి తాళం వీడడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలు ఆగలేక పిడిని గుంజి విరగ్గొట్టేవారే ఎక్కువ. ఎంత సేపటికీ వీడకపోతే, చాలా నమూనాల్లో అడుగున ఫిల్టరు మూత వెనుక అత్యవసరంగా తెరవడానికి ఒక చిన్న లాగుడు తాడు ఉంటుంది. లోపలి నీళ్ళన్నీ తీసివేసిన తరువాతే దాన్ని లాగాలి, లేకపోతే నీళ్ళన్నీ గదిలోకి వస్తాయి.

టాప్ లోడ్ యంత్రాల్లోనూ కొన్నింటిలో ఒక చిక్కు ఉంది. వాటి గడియ ఒక విద్యుత్ తాకిడికి పడుతుంది, మరో తాకిడికి వీడుతుంది. మధ్యలో కరెంటు పోతే పడిన గడియ పడినట్టే ఉండిపోతుంది. అది తాళం చెడిపోవడం కాదు. కరెంటు వచ్చాక యంత్రాన్ని ఆన్ చేసి ఆగితే అదే వీడుతుంది. స్క్రూ డ్రైవర్ పెట్టి మూతను పెకలించే పని పెట్టుకోవద్దు.

బిగింపు పూర్తయ్యాక బట్టలు వేయకుండా ఖాళీ తొట్టితో, పిండే దశ ఒక్కటే నడిపి చూశాను. టక్కుమంది. తాళం బొమ్మ దీపం ఆరకుండా నిలకడగా వెలిగింది. రెండు మూడు క్షణాల్లో తొట్టి కదిలింది, మెల్లగా వేగం అందుకుంది. తొట్టి పూర్తి వేగంలో ఉండగా మూతను గట్టిగా పైకి లాగి చూశాను, రాలేదు. మధ్యలో ఆపే మీట నొక్కాను. తొట్టి వేగం తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా నిలిచింది, నిలిచిన తరువాతే గడియ వీడిన చప్పుడు వచ్చింది. ఈ వరుస ముఖ్యం. తొట్టి ఇంకా తిరుగుతుండగానే గడియ వీడితే కొత్త తాళం ఉన్నా యంత్రాన్ని వాడకూడదు, లోపం మరెక్కడో ఉన్నట్టు. ఇదే పరీక్షను మూడుసార్లు చేసి, ఆ తరువాతే తడి బట్టలు వేశాను.

పాత తాళాన్ని పారేయక ముందు చాకుతో విప్పి చూశాను. గడియ, కాయిల్ కొత్తవాటిలాగే ఉన్నాయి. స్విచ్ ఉన్న మూలలో మాత్రం, కొక్కెం దూరే రంధ్రానికి సరిగ్గా కింద, ఉప్పు పేరుకున్నట్టు తెల్లని పొర ఉంది. దానిని గీకితే కింద రాగి రేకు మీద చిలకపచ్చ రంగులో చిలుము కనిపించింది. కాంటాక్టు మొన నల్లబడి, సూదితో పొడిచినట్టు గుంటలు పడి ఉంది. సబ్బుపొడిలో ఉండే సోడా తేమను పట్టి ఉంచుతుంది, ఆ తేమ రాగిని తింటుంది. నీళ్ళు అక్కడికి ఎలా చేరుతున్నాయో తెలుసుకోవాలని మరునాడు బట్టలు తీసేటప్పుడు దగ్గర నిలబడి చూశాను. అమ్మ మూత ఎత్తింది. మూత అడుగున పట్టిన నీటిబొట్లు అంచు వెంట కిందికి జారి, కొక్కెం దగ్గర ఒకటిగా చేరి, బరువెక్కి, చుక్క చుక్కగా సూటిగా ఆ రంధ్రంలోకే రాలాయి. ఏడుచుక్కలు లెక్కపెట్టాను.

అప్పటి నుంచి మూత ఎత్తే ముందు సగం తెరిచి, లోపలి వైపు ఒక పొడి గుడ్డతో తుడిచి, తరువాత పూర్తిగా ఎత్తుతున్నాము. ఆ గుడ్డ యంత్రం పక్కనే మేకుకు వేలాడుతూ ఉంటుంది. సబ్బుపొడి కూడా కొలత గిన్నెతో కొలిచి వేస్తోంది అమ్మ.